కాటన్ దొర – ఆనకట్టయు, ఖజానాయు

గోదావరి డెల్టాలో కాటన్ దొర పేరెఱుగని రైతు కుటుంబము లేదు. ఊరి నడుమ ఆయన విగ్రహమును నిలుపుటయు, జయంతినాడు పూలమాల వేయుటయు, బిడ్డలకు ఆయన కథ చెప్పుటయు అచ్చటి ఆచారములైనవి. పరప్రభుత్వపు ఉద్యోగి యొకడు పాలిత జనులచే నిట్లు కొలువబడుట చరిత్రలో అరుదు. అయితే ఈ కొలువులో నొక లోపము కలదు. ఆయన కట్టిన రాతికట్ట మన కన్నులయెదుట నున్నది గనుక దానిని తలచుచున్నాము. ఆ కట్టకు పూర్వమును, పిమ్మటను ఆయన కాగితములతోను, లెక్కలతోను, దొరతనముతోను సలిపిన పోరాటమును మఱచినాము. గోదావరిని నిలుపుటకంటె ఖజానా తలుపు తెఱపించుట ఆయనకు కష్టతరమయ్యెను. ప్రజలయొద్ద వసూలైన ధనమును ఆ ప్రజల జీవనాధారమునకై వెచ్చించుట దుబారా యగునా, పెట్టుబడి యగునా యను వివాదములోనే ఆయన ఆయుర్దాయములో పెద్దభాగము గడచినది. ఆ జీవితమును ఈ దృష్టితో నొకమాఱు చదువుకొనుట మంచిది.

ఆర్థర్ థామస్ కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీన జన్మించెను. తండ్రి హెన్రీ కాల్వ్లీ కాటన్ చెషైరు మండలమునందలి గొప్పయింటివాడు. పదునొకండుగురు కుమాళ్లలో ఆర్థరు పదియవవాడు. అంతమంది కొడుకులున్న ఇంట పదియవవానికి ఆస్తి దక్కునను ఆశ యుండదు గదా! అట్టి యువకుల కానాడు కుంపినీ కొలువే దిక్కు. ఆర్థరు ఆడిస్కోంబునందలి కుంపినీవారి సైనిక పాఠశాలలో చదివి, 1819లో మద్రాసు ఇంజనీర్ల పటాలములో చేరి, 1821లో చెన్నపట్టణమునకు వచ్చెను. పాంబను జలసంధిని కొలుచుట, 1824లో ఆరంభమైన బర్మా యుద్ధములో పాల్గొనుట మొదలగు పనులు మొదటి యేండ్ల చరిత్ర. వాని ప్రసక్తి మనకిచ్చట నక్కఱలేదు. 1828 ప్రాంతమున ఆయనకు కావేరి మండలపు నీటిపనుల బాధ్యత అప్పగింపబడుటతో అసలు కథ ఆరంభమగుచున్నది.

కావేరిలో నప్పటికొక విపత్తు పొంచియుండెను. శ్రీరంగమునకు పైన నది రెండుగా చీలుచున్నది. ఉత్తరపుపాయయగు కొల్లిడము పల్లముగా నుండుటచే నీరంతయు అటు లాగుకొనుచుండ, తంజావూరును పోషించు కావేరిపాయ ఏటేట ఇసుకమేట వేయుచుండెను. మఱికొన్ని యేండ్లు గడచినచో దక్షిణదేశపు ధాన్యాగారము బీడువడియుండెడిది. కాటను 1836లో కొల్లిడముపై ఎగువను ఒకటి, దిగువను ఒకటి, రెండానకట్టలు కట్టి ఆ యాపదను తప్పించెను. ఈ కార్యమున ఆయనకు గురువులెవరు? ఇంగ్లండున అట్టి ఇసుకనదులు లేవు. అచ్చటి గ్రంథములలో అట్టి పాఠములును లేవు. చోళరాజులనాటి కల్లణై యను రాతికట్ట శతాబ్దులుగా లోతెఱుగని ఇసుకపై నిలిచియుండుట ఆయన కనులార చూచెను. పునాదికి గట్టినేల దొరకనిచోట బండరాళ్లను గుదిగ్రుచ్చి వైచినచో, అవి తమ బరువుచే కొంత క్రుంగి తామే స్థిరపడునని ఆ ప్రాచీన శిల్పులవద్ద నేర్చుకొనెను. నేర్చుకొంటినని పదిమందిలో ఒప్పుకొనెను గూడ. పాలకజాతిలో బుట్టియు విద్య ఎవరియొద్ద నున్నను చేయిచాచి స్వీకరించిన ఈ గుణము, తక్కిన ఇంజనీర్లనుండి ఆయనను వేఱుపఱచుచున్నది.

దేహము చెడి కొంతకాలము టాస్మేనియా దీవిలో విశ్రాంతి గైకొని, 1841లో ఎలిజబెత్ లియర్మంత్ అను నామెను వివాహమాడి, కాటను మఱల కొలువున చేరెను. విశాఖపట్టణమున నుండగా రాజమహేంద్రవరపు జిల్లా స్థితి ఆయన దృష్టికి వచ్చెను.

ఆ స్థితిని నేటి డెల్టావాసి ఊహింపజాలడు. నందన సంవత్సరపు కఱవు, అనగా 1832–33 నాటిది, గుంటూరు మండలములో సుమారు 5 లక్షల జనములో 2 లక్షల మందిని పొట్టన బెట్టుకొనెను. గోదావరి మండలమును ఆ కాటకము వదలలేదు. 1839 నవంబరులో సముద్రపుటుప్పెన కోరంగిని ముంచివైచెను. ఇంజరము, మాధవాయిపాలెము మొదలగు తావులలో కుంపినీకి బట్టలు నేసి జీవించిన సాలెలకు, మాంచెస్టరు గుడ్డ దిగిన వెనుక మగ్గము అన్నము పెట్టలేదు. జమీను లనేకము శిస్తు బకాయీల క్రింద ప్రభుత్వాధీన మయ్యెను. జనసంఖ్య తగ్గెను, శిస్తును తగ్గెను. ఇంతటి దుస్థితిలో నున్న జిల్లా నడుమనుండియే గోదావరీ మహానది ఏటేట అపారజలమును కడలిపాలు చేయుచుండెను. ఒకయేట వరద, ఒకయేట ఎండ. రెండింటను రైతునకు నష్టమే.

కుంపినీవారిని కదల్చినది జనక్షయమా, శిస్తుక్షయమా యని యడిగినచో, రెండవదే యని చెప్పుటకు సంకోచింప బనిలేదు. జిల్లా ఆదాయము పడిపోవుటకు కారణములు విచారింప సర్ హెన్రీ మాంట్గోమరీని నియమించిరి. ఆయన 1844లో నివేదిక సమర్పించుచు, నదీజలమును వినియోగింపని దోషమును చూపి, సమర్థుడగు ఇంజనీరును పంపుడని సలహా చెప్పెను. ఆ పనికి కాటను నియుక్తుడయ్యెను.

1844, 1845 సంవత్సరములలో కాటను వ్రాసిన నివేదికలు ఇంజనీరు రచనలవలె గాక వకీలు వాదములవలె నుండును. తంజావూరును పక్కన నిలిపి ఆయన వాదించెను. అచ్చటి నది చిన్నది, ఇచ్చటిది పెద్దది. నేల రెంటను సమానమే. అయినను అచ్చటి ఆదాయము ఏటేట పెరుగుచుండ ఇచ్చటిది తరుగుచున్నది. భేద మొక్కటే – అచ్చట నీటికై ధనము వెచ్చించిరి, ఇచ్చట వెచ్చింపలేదు. ధవళేశ్వరమునొద్ద ఆనకట్టకు సుమారు 4¾ లక్షల రూపాయలు చాలునని అంచనా వేసెను. కాలువలు, లాకులు, గట్లు వేఱు లెక్క. ప్రజలకు కలుగు మేలును ధర్మముగా చూపినచో కుంపినీ డైరెక్టర్లు వినరని ఆయనకు తెలియును. అందుచే ధర్మమును వడ్డీ లెక్కలోనికి మార్చి చూపెను: ఇంత పెట్టినచో ఇంత నేల మాగాణి యగును, ఇంత శిస్తు పెరుగును, ఇన్ని యేండ్లలో అసలు తీరును. వర్తకులతో వర్తకభాష మాటలాడుట తప్పుగాదు. కాని ఆ భాషవలన కలిగిన చిక్కు తరువాత గానవచ్చును.

1846లో లండనునుండి అనుమతి వచ్చెను. 1847లో పని ఆరంభమయ్యెను. ధవళేశ్వరమువద్ద గోదావరి లంకలచే చీలి నాలుగు పాయలై ప్రవహించుచున్నది. ఈ గట్టునుండి ఆ గట్టునకు సుమారు నాలుగు మైళ్లు. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా రాతికట్టయే 12 వేల అడుగుల పొడవు. ధవళేశ్వరపు కొండ నదియొడ్డుననే యుండుటచే రాయి చేతికందుబాటులో నుండెను. అడవులనుండి టేకుదూలములు ప్రవాహముమీదనే దిగివచ్చెను. పదివేలమంది దాక కూలీలు పనిచేసిరి. వారిని కూడగట్టుటలోను, పనిని చూచుకొనుటలోను వీణెము వీరన్నవంటి దేశీయులు కాటనునకు కుడిభుజమైరి. డెల్టాలో వీరన్న పేరు నేటికిని నిలిచియున్నది. తక్కిన పదివేలమంది పేళ్లు మాత్రము ఏ కాగితమునందును లేవు.

పని సగములో నుండగనే కాటనునకు ఆరోగ్యము చెడెను. 1848లో సెలవుపై ఆస్ట్రేలియా పోయి 1850లో తిరిగివచ్చెను. ఈ నడుమ కాప్టెన్ ఓర్ పనిని సాగించెను. వరదలచే కొంతకట్ట దెబ్బతినెను, వ్యయము అంచనాను దాటెను. అంచనా దాటిన ప్రతిసారియు సంజాయిషీలు, ప్రత్యుత్తరములు, విసుగులు. ఎండకాలము నాలుగునెలలే నదిలో పని సాగునది. ఆ నాలుగు నెలలలో సొమ్ము మంజూరు ఉత్తరము రాకున్న ఏడాది వ్యర్థము. నదికొక ఋతువున్నది గాని కచేరీకి ఋతువు లేదను సత్యమును ఆయన ఎంత చెప్పినను చెన్నపట్టణపు బల్లలకడ నెక్కలేదు. ఇట్లు కష్టపడి 1852 నాటికి ఆనకట్ట పూర్తియయ్యెను. పిమ్మట వైనతేయ పాయను దాటించి కోనసీమలోని నగరపు లంకకు నీరందించుటకై గన్నవరము అక్విడక్టును హేగ్ అను యువ ఇంజనీరు 49 ఖానాలతో కట్టెను. అదే 1852లో బెజవాడవద్ద కృష్ణ ఆనకట్ట ఓర్ చేతిమీదుగా ఆరంభమై 1855లో ముగిసెను.

ఫలితము మనమెల్ల నెఱిగినదే. గోదావరి డెల్టా పది లక్షల ఎకరముల దాక సాగగు దేశమయ్యెను. కాలువలపై పడవలు నడచెను. ధాన్యము కాకినాడ రేవునకు నీటిమీదనే చేరెను. 1876–78 నాటి మహాక్షామములో బళ్లారి, కడప, కర్నూలు మండలములు మాడిపోవుచుండగా ఈ రెండు డెల్టాలు తాము తిని పరులకును ధాన్యము పంపగలిగెను. ఆ పంటసిరి నుండియే పాఠశాలలు, గ్రంథాలయములు, పత్రికలు, తుదకు ఆ దొరతనమునే యెదిరించిన జాతీయోద్యమమునకు విరాళములు వెలువడినవి. కుంపినీ డైరెక్టర్లు వడ్డీ లెక్కలో ఈ పద్దును ఊహించియుండరు.

ఒక్క ఆనకట్ట గెలిచినంతమాత్రమున కాటను ఊరకుండలేదు. 1854లో భారతదేశపు ప్రజోపయోగ నిర్మాణములను గూర్చి గ్రంథమును ప్రకటించి, తన యజమానులనే బోనులో నిలిపెను. ఆయన ఆరోపణ తీవ్రమైనది: దేశమునుండి కోట్లు వసూలుచేయుచు, ఆ కోట్లకు మూలమైన నేలపై దాదాపేమియు వెచ్చింపకుండుట పాలనము గాదనునది. ఆరోపణకు ఆధారములు లేకపోలేదు. మద్రాసు రాజధానిలోని 14 జిల్లాలలో 53 వేల చెఱువులుండగా వానిలో 10 వేలు శిథిలమైయుండెనని ఆ దశకములోనే లెక్క తేలినది. పూర్వము గ్రామస్థులు తమంత తాము ఏటేట పూడిక తీసుకొను కుడిమరామత్తు పద్ధతియు, ఇనాముల ఏర్పాట్లును కుంపినీ శిస్తు విధానముక్రింద నలిగిపోయెను. ప్రభుత్వము ఆ భారమును తానును వహింపలేదు. 1834 నుండి 1848 వఱకు 14 ఏండ్లలో కుంపినీవారు తమ విశాల సామ్రాజ్యమంతట ప్రజోపయోగ నిర్మాణములకు వెచ్చించినదానికంటె, మాంచెస్టరు పట్టణ మొక్కటే తన పౌరుల మంచినీటికై యెక్కువ వెచ్చించినదని జాన్ బ్రైట్ 1858లో పార్లమెంటులో ఎత్తిచూపెను. ఇంజనీరు ఆరంభించిన వాదము రాజకీయవాదమైనది. రమేశ్ చంద్ర దత్తు పండితుడు విక్టోరియా యుగపు ఆర్థికచరిత్రను వ్రాయునపుడు కాటనునకు అంత స్థలమిచ్చుటకు ఇదియే కారణము.

కాని కాటనును దేవుని చేసి కూర్చుండబెట్టినవారు చెప్పని కథ యొకటి యున్నది. అది తుంగభద్ర కథ.

గోదావరి లాభమును చూచి లండను ధనికులకు నోరూరెను. నీటిపనులకై ప్రభుత్వము ఖజానా తెఱవకున్న, ప్రైవేటు కంపెనీలచే కట్టింపవచ్చునని కాటను తలచెను. ఖజానా పిసినిగొట్టుతనముతో విసిగిన మనుష్యున కట్టి తలపు కలుగుట సహజము. 1858లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ ఏర్పడెను. దాని మూలధనము 10 లక్షల పౌన్లపై సాలుకు నూటికి 5 వంతున వడ్డీ ముట్టజెప్పుదుమని ప్రభుత్వము హామీ ఇచ్చెను. హామీ యనగా నేమి? పని లాభించిన వాటాదారునకు లాభము. లాభింపకున్న ఆ నష్టము భారతీయ రైతు శిస్తులోనుండి భర్తీ. నష్టపు భయము లేనిచోట జాగ్రత్త యెట్లుండును? సుంకేశులవద్ద తుంగభద్రకు అడ్డుకట్ట వేసి, కర్నూలునుండి కడపకు సుమారు 190 మైళ్ల కాలువ త్రవ్వుటలో వ్యయము హద్దుమీఱెను. ప్రభుత్వము మఱల అప్పు పెట్టవలసివచ్చెను. కాలువ 1871 ప్రాంతమున సిద్ధమయ్యెను. అప్పుడు తెలిసిన దేమనగా, నీరున్నది గాని కొనువాడు లేడు.

కర్నూలు, కడప మండలములలో కాలువక్రింద చాలభాగము నల్లరేగడి. మంచివాన పడినయేట ఆ నేల తన తేమతోడనే జొన్నను, ప్రత్తిని పండించును. మీద నీరు పెట్టుట దానికి హితముగాదని అచ్చటి రైతు తరతరముల అనుభవము. వాన తప్పిన యేట నీటికై పరుగెత్తెను. వాన పడిన యేట కాలువవైపు చూడలేదు. ప్రతియేట నీరమ్మి వడ్డీ సంపాదింపదలచిన కంపెనీకి ఇది మరణశాసనము. తుదకు 1882లో ప్రభుత్వమే ఆ కాలువను కొనివేసి కంపెనీవారిని సాగనంపెను. ఒరిస్సాలో మహానదిపై ఏర్పడిన రెండవ కంపెనీ గతియు నంతకు మించలేదు. 1860ల చివరనే దానిని ప్రభుత్వము కొనవలసివచ్చెను.

ఈ వైఫల్యమునకు కారణము ధనలోపము గాదు. గోదావరి పల్లములో రైతు అంతకు పూర్వమే వరిపండించువాడు; వానికి కావలసినది నీరు మాత్రమే, అదియే కాటను ఇచ్చెను. కర్నూలు రైతునకేమి కావలెనో ఎవరును అడుగలేదు. తంజావూరులో చోళశిల్పులయొద్ద శిష్యుడై నేర్చుకొన్న కాటను, రాయలసీమలో రేగడిరైతునొద్ద నేర్చుకొనుటకు సిద్ధపడలేదని చెప్పక తప్పదు. అయినను ఇందు దోషము సగము వడ్డీభాషది. తొలినాడు డైరెక్టర్ల నొప్పింప కాటనే ఉపయోగించిన లాభనష్టముల కొలమానము దొరతనపు చేతిలో శాశ్వతమై కూర్చున్నది. పిమ్మట నేటిపని చెప్పినను మొదటి ప్రశ్న అది నూటికెంత తెచ్చునని. డెల్టా తెచ్చును, మెట్ట తేజాలదు. కనుక డెల్టాకు కాలువలు, మెట్టకు కఱవుపనులు. ఈ పత్రిక చదువు పల్లపుభూముల కామందులు తమ మాగాణిని చూచుకొన్నపుడు, అదే తెలుగునాట నీటిచుక్కకు నోచని సీమ ఏ లెక్కవలన వెనుకబడెనో యొకపరి తలచుకొనుట న్యాయము.

ఎగువ గోదావరిని ఓడదారిగా మార్చి మధ్యపరగణాల ప్రత్తిని సముద్రమునకు దింపవలెనను పథకము ఆయన మఱియొక స్వప్నము. దుమ్ముగూడెమువద్ద ఆనకట్టయు, లాకులును కట్టిరి. బండలు, జ్వరములు, వ్యయము అడ్డుపడ 1871లో పనిని విడిచివేసిరి.

కాలువలే దేశమునకు నరములని కాటను నమ్మకము. సేద్యమునకు నీరును, సరకునకు చౌకదారియు ఒక్క కాలువయే ఇయ్యగలదు. అట్లుండ 1849 మొదలు నూటికి 5 వడ్డీ హామీతో రైలుకంపెనీలకు కోట్లు ధారవోయుచు నీటికి చిల్లర విదల్చుట యేమి నీతియని ఆయన జీవితాంతము వాదించెను. ఈ వాదములో కొంత మొండితనము కలదు. వేగమునకును, రాతినేలలకును రైలే తగినదను సంగతి ఆయన కెక్కలేదు. కాని పునాదిలో సత్యము కలదు. రైళ్లు ఇంగ్లండు ఇనుమునకు బేరమును, పటాలములకు వేగమును, వాటాదారునకు వడ్డీని సమకూర్చినవి. కఱవుదేశమునకు ధాన్యమును మోయగలవేగాని పండింపజాలవు. 1867లో ప్రభుత్వము కంపెనీల నడ్డుపెట్టుకొనుట మాని, తానే అప్పుదెచ్చి నీటిపనులు చేయ నిశ్చయించుట ఆయన పక్షమునకు సగము గెలుపు. 1878లో, దక్షిణదేశమున లక్షలమంది చచ్చిన కఱవు వెనువెంటనే, పార్లమెంటు ఒక విచారణసంఘమును లార్డ్ జార్జి హామిల్టన్ అధ్యక్షతను నియమించెను. అప్పటికి 75 ఏండ్ల వృద్ధుడైన కాటను దానియెదుట నిలిచి సాక్ష్యమిచ్చెను. ఆయన చెప్పిన అంకెలను సభ్యులు గ్రుచ్చిగ్రుచ్చి అడిగిరి. కర్నూలు కాలువను ముఖమున గొట్టినట్లు చూపిరి. కాలువల మహాపథకమును త్రోసిపుచ్చిరి. ఫ్లారెన్సు నైటింగేలు మొదలగు కొందఱు మాత్రము ఆయన పక్షమును విడువలేదు.

ప్రభుత్వ మాయనను 1861లో సర్ బిరుదముతోను, పిమ్మట కె.సి.ఎస్.ఐ. తోను గౌరవించెను. బిరుదమిచ్చుటకు ఖర్చు తక్కువ. కొలువు విడిచిన తరువాత ఆయన ఇంగ్లండున డార్కింగు పట్టణమున స్థిరపడెను. తొంబదియేండ్లకు చేరువైనను ఊరకుండక, తన ఇంటితోటలోనే లోతుగా దున్ని గోధుమపైరు వేసి, ఎకరమున కెంత పండునో పరీక్షలు చేయుచుండెను. జీవితచరిత్రను కుమార్తె లేడీ హోప్ వ్రాసి 1900లో వెలువరించెను.

ధవళేశ్వరపు పాత ఆనకట్ట నూఱేండ్లకు పైగా పనిచేసి బలహీనమగుటచే, దానికి బదులు కొత్త బ్యారేజి 1970లో ఆరంభమై 1982లో పూర్తియయ్యెను. స్వతంత్రభారతము కట్టిన ఆ కట్టడమునకు కాటను పేరే పెట్టిరి. కర్నూలు–కడప కాలువయు ప్రభుత్వము చేతిలో మెల్లగా బాగుపడి, రైతు తనకనువగు పైర్లను తానెన్నుకొన్న పిమ్మట ఆ సీమకు అక్కఱకు వచ్చినది. వాటాదారులకు మాత్రము ఏనాడును లాభము చూపలేదు.

సర్ ఆర్థర్ కాటన్ 1899 జూలై 24వ తేదీన, 96వ యేట, డార్కింగున కన్నుమూసెను. ఆ యేడు భారతదేశమున వానలు తప్పెను. గుజరాతు, రాజపుతానా, మధ్యపరగణాలు, నిజామురాజ్యము మొదలగు ప్రాంతములను చుట్టుకొన్న మహాక్షామము అప్పుడే తలయెత్తుచుండెను. గోదావరి డెల్టాలో మాత్రము కాలువలక్రింద నాట్లు పడుచుండెను.